తాడు గుంజే పిల్ల కోసం ప్రార్థన

ఒక బొమ్మ చనిపోయిందని నేను మొదటిసారి ఏడ్చింది మెట్‌పల్లిలో, మా వాకిట్లో, పసుపు కొమ్ములు ఆరబోసిన టార్పాలిన్ పక్కన. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఫోన్‌లో చూస్తున్న జపాన్ బొమ్మల కథలో సముద్రం ఒడ్డున దీపస్తంభానికి కాపలా ఉండే ముసలాయన పోయాడు. ఎండాకాలం సెలవులన్నీ ఆయనతో గడిపినదాన్ని, దుఃఖం ఆగలేదు. పసుపు తిరగేస్తున్న బాపు పార పక్కన పెట్టి వచ్చాడు.

"ఎవరు సచ్చిండ్రే?"

"ఓ ముసలాయన, బాపూ."

"మనోళ్ళా?"

"కాదు. జపానాయన."

బాపు చేతులకంటిన పసుపు దులుపుకున్నాడు. "ఆయన నీకెట్ల ఎరుక?"

ఫోన్ చూపించాను. తెర మీద ముసలాయన టోపీ ఒక్కటే బల్ల మీద ఉంది, దాని వెనక సముద్రం. బాపు కళ్ళు చికిలించి చూసి, ఇంట్లోకి తిరిగి అవ్వను పిలిచాడు. "ఏమే, నీ బిడ్డ బొమ్మ సచ్చిందని ఏడుస్తున్నది. జర నీళ్ళియ్యి."

అవ్వ నీళ్ళు తెచ్చింది. తాగి, మళ్ళీ ఏడ్చాను. సాయంత్రానికి ఈ సంగతి వాడంతా పాకింది. ఆదివారం చర్చిలో ఒక పెద్దమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "మీ దోస్తు ఎవరో పోయిండట గదా బిడ్డా" అని ఓదార్చింది. నేను కూడా గంభీరంగా తలూపాను.

కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ గదిలో నాకు మరో ద్వారం తెరుచుకుంది. అంతవరకు కదిలే బొమ్మలే, అంటే అనిమే మాత్రమే తెలుసు. నా గదిలో ఉండే అమ్మాయి దగ్గర మాంగా పుస్తకాలు ఉండేవి. అవే కథలు, ఇంగ్లిషులో అచ్చేసి, నలుపు తెలుపుల్లో. అవి చదివాక నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ కథలు రాసేవాళ్ళకు తొందర లేదు. ఒక మనిషి అన్నం తినడానికి రెండు పేజీలు ఇస్తారు. రైలు కోసం ఎదురుచూడడానికి మూడు పేజీలు ఇస్తారు. గెలిచినవాడికి ఎంత చోటు ఇస్తారో, ఓడి ఇంటికి నడిచి వెళ్ళేవాడికీ అంతే ఇస్తారు. నేను పెరిగిన చోట ఓడినవాళ్ళ గురించి ఎవరూ అంతసేపు మాట్లాడరు. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు చూడాలి, తప్పినవాళ్ళ ఇంటి ముందు నుంచి మనుషులు ఎంత తొందరగా నడిచిపోతారో.

పెళ్ళై బెల్లంపల్లి వచ్చేటప్పుడు నా పెట్టెలో చీరల కింద కొన్ని మాంగా పుస్తకాలు దాచి తెచ్చుకున్నాను. దాచడం ఎందుకంటే, మా అత్తమ్మ గురించి పెళ్ళిచూపుల నాడే అన్నీ చెప్పారు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అంటారు. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. సినిమాలు చూడదు. సీరియళ్ళు అసలే చూడదు, అదీ భక్తి వల్ల కాదు. "గవిట్ల అందరు అందరికి విషం కలుపుతరు. ఒక్కదానికి గూడ డోసు తెల్వది" అని ఆమె అభ్యంతరం.

పెళ్ళైన కొన్నాళ్ళకే నేను పట్టుబడ్డాను. చీరల అలమరలో కలరా ఉండలు వేద్దామని తెరిచిందట. నేను వంటింట్లోంచి వచ్చేసరికి మంచం మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, నా పుస్తకం తిరగేస్తోంది. గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఇది చిన్నపిల్లలు సదివేదా?" అంది తలెత్తకుండా.

"పెద్దోళ్ళు గూడ సదువుతరు, అత్తమ్మా."

"మరి ఒక్క మాట గూడ లేని పేజీలెందుకున్నయి?"

తొంగి చూశాను. "అక్కడ వాన పడుతున్నది, అత్తమ్మా. అందుకే ఎవ్వరు మాట్లాడరు."

"మంచిగున్నది. మనింట్ల గూడ పడితే బాగుండు."

అది నా గురించో, ఆమె కొడుకు గురించో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ పుస్తకాలు కుడివైపు నుంచి చదవాలని చెప్పబోయాను. కానీ అప్పటికే ఆమె కుడివైపు నుంచే తిప్పుతోంది. వాళ్ళ బాపు ఉర్దూ మీడియంలో చదువుకున్నాడట. పుస్తకం అటు నుంచి తెరవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ మామూలే. చివరి పేజీ దాకా బొమ్మలు చూసి, పుస్తకం మూసి, ఒకే ఒక్క మాట అడిగింది.

"అందరికి కండ్లు గంతగనం ఉన్నయి. థైరాయిడా?"

ఆమె చేతిలోని ఆ పుస్తకమే నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ చిన్న ఊరు. పనులు తగ్గి జనం ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటారు. బడిలో పిల్లలు తగ్గిపోయి, దాన్ని మూసేస్తారని మాట పుడుతుంది. ఆ బడి ఆడపిల్లలు తాడు గుంజే జట్టు ఒకటి కడతారు. జట్టులో అందరికన్నా వెనక నిలబడి, తాడు కొస ఒంటికి చుట్టుకునే మనిషి బలంగా ఉండాలి. వీళ్ళకు దొరికింది మాత్రం ఒక బక్క పిల్ల. కథంతా ఆ పిల్లదే. నా దగ్గర ఉన్నవి మొదటి భాగాలే, చివరికి ఏమవుతుందో నాకూ తెలియదు. కరీంనగర్‌లో చదివినప్పుడు నాకు అది ఉత్త ఆటల కథ. బెల్లంపల్లి వచ్చాక మళ్ళీ చదివితే వేరేగా కనిపించింది. బొగ్గు గనులు తగ్గి, వరసగా తాళాలు పడ్డ క్వార్టర్ల మధ్య నడిచి చర్చికి పోతుంటే, ఆ చేపల ఊరి వీధులు ఇవేనేమో అనిపించేది.

ఆ కథ అనిమేగా కూడా వచ్చింది. మా ఆయన గనిలో ఎలక్ట్రికల్ పని చేస్తాడు. రెండో షిఫ్టుకు పోతే మధ్యాహ్నం నుంచి ఇంట్లో మేమిద్దరమే. ఒకరోజు ధైర్యం చేసి టీవీలో పెట్టాను. అత్తమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని, చూడనట్టుగా కూర్చుంది. మాటలు జపాన్ భాషలో, కింద ఇంగ్లిషు అక్షరాలు. ఆమెకు ఇంగ్లిషు వచ్చు గాని, ఆ అక్షరాలు ఆమె కళ్ళజోడు కన్నా వేగంగా పోతున్నాయి. రెండు నిమిషాలు ఓర్చుకుంది.

"ఏమంటున్నదే అది?"

అలా నేను అనువాదకురాలినయ్యాను. జపాన్ పిల్లలందరికీ మెట్‌పల్లి మాట పెట్టేశాను. జట్టు నాయకురాలు "జర దమ్ము పట్టుండ్రే" అనేది. వాళ్ళకు ఆట నేర్పే ముసలాయన "గట్ల గాదు, మడిమెలు నేలల దిగాలె" అనేవాడు. అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయేది.

ఆటల అనిమేలో ఒక పోటీ మొదలైతే తొందరగా తెగదు. ప్రతివాళ్ళూ తాడు పట్టుకుని తమ చిన్నతనం గుర్తు చేసుకుంటారు. నాలుగో రోజుకు అత్తమ్మకు విసుగొచ్చింది.

"మొన్నటి సంది ఒక్క తాడే గుంజుతున్రు. చేతుల తాడు పెట్టుకొని గింత ఆలోచనెందుకే వీళ్ళకు?"

"బంద్ చెయ్యాల్నా?"

"నేను బంద్ చెయ్యమన్ననా?"

ఇక్కడ నా బుద్ధి కొంచెం వంకర తిరిగింది. ఆట నేర్పే ముసలాయన భార్య ఒకామె కథలో ఉంది, తక్కువ మాట్లాడుతుంది. ఆమె నోట నా మాటలు పెట్టడం మొదలుపెట్టాను. ఒకరోజు ఆమె "చల్లగాలి వస్తోంది" అంటే, నేను, "కొత్తగ పెండ్లైన పిల్లలు పొద్దుగాల తొందరగ లేస్తే కండలు కరిగిపోతయి, ఆరింటిదాంక పండుకోనియ్యాలె" అని చెప్పాను. ఇంకోరోజు ఆమె చాయ్ పోస్తుంటే, "మా ఇంట్ల సాయంత్రం చాయ్ అత్తనే పెడుతది, ఆమె చేతి చాయ్ ముందు ఎవరిది పనికిరాదు" అన్నాను. ఆ సాయంత్రం చాయ్ అత్తమ్మే పెట్టింది. నేను లోలోపల ఎంత మురిసిపోయానో చెప్పలేను.

మర్నాడు టీవీ ముందు కూర్చోగానే అంది, "పిల్లా, ఇయ్యాల నువ్వు సప్పుడు చెయ్యకు. నేను చెప్త."

"మీకు అర్థమైతదా అత్తమ్మా?"

"నిన్న గామె రెండు మాటలే మాట్లాడింది. నువ్వు చర్చిల వాక్యం చెప్పినంతసేపు చెప్పినవు. నేను గూడ గట్లనే చెప్త, ఫికర్ చెయ్యకు."

ఆ రోజు ముసలాయన భార్య గిన్నె మూత తీసి వాసన చూసింది. అత్తమ్మ గొంతు సవరించుకుని, తెర వైపే చూస్తూ, "కోడలు పప్పుల ఉప్పు మర్చిపోయింది, మూడు దినాల సంది చూస్తున్న, చెప్తే బాధపడుతదని ఊకున్న" అంది. తర్వాత ఒక కాకి వచ్చి గోడ మీద వాలి అరిచింది. "బట్టలు ఆరినయి, తీసేటోళ్ళు లేరు అంటున్నది" అంది. నేను లేచి వెళ్ళి బట్టలు తీసుకొచ్చాను.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికి ఎవరు ఏం చెప్పాలనుకున్నా జపాన్ వాళ్ళ నోటితోనే చెప్పుకునేవాళ్ళం. మాకు పోట్లాట అవసరమే రాలేదు. మా ఆయనకు మాత్రం ఏమీ అర్థమయ్యేది కాదు. ఒక ఆదివారం మాతో కూర్చుని, కింద ఇంగ్లిషు చదువుకుని, "గామె గట్ల అంటలేదు గదనే" అన్నాడు. ఇద్దరం ఒకేసారి "నువ్వూకో" అన్నాం.

కథ ముందుకు పోయేకొద్దీ బక్క పిల్ల కుడిచెయ్యి మణికట్టు దగ్గర దెబ్బతింది. జట్టులోవాళ్ళు గుడ్డ చుట్టారు. అత్తమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "గట్ల కడ్తరా కట్టు? నెత్తురాడదు. వేళ్ళు నీలమైతయి." ఆ రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఆమె ధ్యాస ఆ కట్టు మీదే ఉంది.

స్త్రీల సమాజం ప్రార్థన కూడిక వారానికొకసారి ఒక్కొక్క ఇంట్లో జరుగుతుంది. ఆ వారం మా ఇంట్లో, వాక్యం చెప్పే వంతు అత్తమ్మది, అంశం ఓర్పు. చాపలు పరిచాం. పాట అయింది. ఆమె లేచి బైబిలు తెరిచి ఒక వచనం చదివి, కళ్ళజోడు తీసి మొదలుపెట్టింది. "సముద్రం ఒడ్డున ఒక ఊరున్నది. ఆ ఊర్ల ఒక బక్క పిల్ల ఉన్నది."

నేను వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. ఒక్కసారిగా నా వీపు నిటారైంది.

ఆమె అంతా చెప్పింది. బడి, తాడు, మడమలు నేలలో దిగడం, మణికట్టు. ఎక్కడా అబద్ధం చెప్పలేదు. అది బొమ్మల కథ అని మాత్రం చెప్పలేదు. ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. చివర్లో అందరికన్నా పెద్దామె, గనిలో పనిచేసిన భర్త పోయి ఒంటరిగా క్వార్టర్‌లో ఉండే ముసలమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడు ఆ బిడ్డ చెయ్యి ఎట్లున్నది సిస్టరమ్మా?"

"ఇంకా తెల్వలే" అంది అత్తమ్మ. అది నిజమే, తర్వాతి భాగం మేమూ చూడలేదు.

"అయితే ప్రార్థన చేద్దాం" అని ముసలమ్మ మోకాళ్ళ మీదికి వచ్చింది. ఆమె వంగితే మిగిలినవాళ్ళు వంగకుండా ఉంటారా? "ప్రభువా, సముద్రం ఒడ్డున ఉన్న ఆ బిడ్డ చెయ్యి ముట్టు తండ్రీ, నరాలు ముట్టు తండ్రీ" అని మొదలుపెట్టింది. నేను ఒక కన్ను తెరిచాను. గదికి అవతల అత్తమ్మ కూడా ఒక కన్ను తెరిచే ఉంది. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. వెంటనే ఆ కన్ను మూసేసుకుని, అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది.

కథ తెగేదాకా కూడిక ఇక్కడే, వాక్యం సిస్టరమ్మే చెప్పాలని అందరూ పట్టుబట్టారు. తర్వాతి వారం జనం పెరిగారు. ఆ పై వారం చాపలు చాలక వరండాలో కూర్చున్నారు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పుతూనే, "పిల్ల సంగతేంది?" అని అడిగేవాళ్ళు. అత్తమ్మ ఆ వారం చూసిన రెండు మూడు భాగాలను ఒక్కొక్క వచనానికి అతికించి చెప్పేది. సరిగ్గా అతికేవి కూడా. ఇంతలో అనిమే ఆగిపోయింది. ఆఖరి పోటీలో తాడు బిగుసుకుని, బక్క పిల్ల కట్టు ఊడిపోతుండగా ఆపేశారు. మిగతాది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

అత్తమ్మ పరేషాన్ అయింది. "వచ్చే వారం నేనేం చెప్పాలె? నువ్వేమన్న చెయ్యి."

మాంగాలో కథ పూర్తయింది. చివరి పుస్తకం తెప్పించాను. అది వచ్చిన మధ్యాహ్నం నేనే ముందు చదివాను. చదివాక తోమిన గిన్నెలే మళ్ళీ తోమి, అప్పుడు అత్తమ్మకు చెప్పాను. వాళ్ళు ఓడిపోయారు.

"ఓడుడేంది?" అంది అత్తమ్మ. "ఇంతమంది మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తే ఎట్ల ఓడుతరు?"

"అది వాళ్ళు మనకన్న ముందుగాల్నే రాసిండ్రు, అత్తమ్మా."

"ప్రార్థనల గట్ల ముందు ఎనక ఉండది" అని నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది.

నేను చదివి చెప్పడానికి పక్కన కూర్చున్నాను. అవసరం పడలేదు. ఓడిపోయాక వచ్చే పేజీల్లో మాటల్లేవు. తాడు నేల మీద పడి ఉంటుంది. పిల్లలు బూట్ల మట్టి దులుపుకుంటారు. బస్సు ఎక్కుతారు. ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతారు. బక్క పిల్ల ఒక్కతే మేలుకుని కిటికీలోంచి సముద్రం చూస్తుంది. అత్తమ్మ ఒక్కొక్క పేజీని చాలాసేపు చూసింది. నేను ఈ కథల్ని ఎందుకు ప్రేమిస్తానో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. మా బాపుకు చెప్పలేదు, మా ఆయనకు చెప్పలేదు. ఆ మధ్యాహ్నం అత్తమ్మ ఆ బస్సు పేజీ దగ్గర ఆగిపోతే, ఇక చెప్పాల్సిన పని లేదనిపించింది. ఆమె పేజీ మీద వేలు పెట్టి, "గీ పిల్లకు ఎవరన్న శాలువా కప్పాలె" అంది. తర్వాతి పేజీలో పక్కనున్న అమ్మాయి నిద్రలోనే తన కోటు కొస ఆమె మీదికి లాగుతుంది. అత్తమ్మ తలూపి పేజీ తిప్పింది.

ఆ వారం కూడికకు అయ్యగారు కూడా వచ్చారు. స్త్రీల సమాజం ఇంతగా పెరిగిందని విని, మా పాస్టరు గారు స్వయంగా చూద్దామని వచ్చి, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అత్తమ్మ లేచింది. ఆ రోజు వచనం కూడా చదవలేదు.

"పిల్లలు ఓడిపోయిండ్రు" అంది.

అయ్యగారు మెల్లగా అడిగారు. "సిస్టరమ్మా, నేను గూడ విన్న ఈ సాక్ష్యం గురించి. మంచిగున్నది. ఇది ఎక్కడి చర్చి మిషన్ల జరిగింది?"

అత్తమ్మ నా వైపు చూసింది. నేను చాప అల్లిక వైపు చూశాను.

"మిషన్ల కాదు అయ్యగారూ. బొమ్మల పుస్తకంల జరిగింది. మా కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది."

ఎవరో దగ్గారు. వరండాలో ఒకామె "బొమ్మలా?" అని పక్కామెను అడిగింది. నా ముఖం మీదికి ఇన్ని కళ్ళు ఒకేసారి తిరగడం పెళ్ళి రోజు తర్వాత అదే. అప్పుడు ముందు వరసలోని ముసలమ్మ చెయ్యెత్తింది.

"బొమ్మదైతే ఏంది గని, చెయ్యి నయమైందా లేదా?"

అత్తమ్మ తన కుడిచెయ్యి ఎత్తి చూపించింది. "నయమైంది. ఆఖరి పేజీల చేపల గంప ఎత్తుకుంటున్నది. కుడిచేత్తోనే."

"మరి మనం అడిగింది చెయ్యి గురించే గద. గెలువాలని ఎవరడిగిండ్రు? అడగంది ఎట్ల వస్తది?" అని ముసలమ్మ చుట్టూ చూసి, "స్తోత్రం" అంది.

వరండాలోంచి కూడా స్తోత్రం వినిపించింది. అయ్యగారు చేతిరుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. దాని వెనక నవ్వారో లేదో నేను ప్రమాణం చెయ్యలేను. చివరికి, "ఈసారి నుంచి వాక్యం గూడ జర ఎక్కువ చెప్పుండ్రి సిస్టరమ్మా" అని మాత్రం అన్నారు. అందరూ వెళ్ళేటప్పుడు అయ్యగారి భార్య ఒక్కతే వంటింట్లోకి వచ్చి, గ్లాసు పెట్టే నెపంతో నా పక్కన నిలబడి, "మిగిలిన పుస్తకాలు గూడ ఉన్నయా?" అని అడిగింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు మా ఇంట్లో టీవీ ముందు నలుగురైదుగురు కూర్చుంటున్నారు. ముసలమ్మకు కుర్చీ, మిగిలినవాళ్ళకు చాప. ఎవరి కూరగాయలు వాళ్ళు తెచ్చుకుంటారు. అనువాదం ఇప్పుడు నేను నిజాయితీగానే చేస్తున్నాను, ఎందుకంటే అయ్యగారి భార్యకు ఇంగ్లిషు బాగా వచ్చు. ఏడుపు లేని కథ పెట్టమని అడిగితే, కొండ మీద సత్రం నడిపే ఇద్దరు అక్కాచెల్లెళ్ళ కథ పెట్టాను. నవ్వుల కథే. మొన్న అందులో అక్క, చెల్లెలి ముందు నిలబడి నవ్వుతూ ఏదో అంది.

"ఏమన్నది?" అని ముసలమ్మ అడిగింది.

"నాకు అసలు నొప్పే లేదు, నువ్వు పట్నం పో అన్నది" అని చెప్పాను.

అత్తమ్మ బెండకాయ కోస్తూనే, "అబద్ధం" అంది. "నిలవడ్డ తీరు చూడుండ్రి. మొత్తం బరువు ఎడమకాలు మీద్నే ఉన్నది."

"మరి చెల్లెకెవరు చెప్పాలె?" అని ముసలమ్మ కుర్చీలోంచి లేవబోయింది.

"కూసోండ్రి, వచ్చే భాగంల చెప్తరేమో చూద్దాం" అని నేను రిమోట్ అందుకున్నాను.